సంతానము లేనివారి ప్రశ్నావళి – దాని చరిత్ర



నేను నేడు మనవి చేయబోవునది యొక కాగితము చరిత్ర. ఎంతకాలమునకును పిల్లలు కలుగని దంపతులు వైద్యమునకు వచ్చినప్పుడు, వారి దేహస్థితిని పరీక్షించుటతోబాటు, వారి మనస్సెట్లున్నది, సంసారమెట్లు జరుగుచున్నది, నలుగురిలో ఎట్లు మెలగగలుగుచున్నారు అను సంగతులు తెలిసికొనుటకై వైద్యులు వారి చేతికొక ప్రశ్నల కాగితమిత్తురు. ఈ కాగితము ఆంగ్ల భాషలో పుట్టినది. దానిని వేరొక భాషలోనికి మార్చినప్పుడు, మార్చిన కాగితము మొదటి కాగితమడిగినదే అడుగుచున్నదా, వేరొకటి అడుగుచున్నదా యని పరీక్షించుట నేడొక శాస్త్రమైనది. ఆ శాస్త్రము పుట్టుకయు నడకయు నా ప్రసంగ విషయము.

వ్యాకరణము చెప్పుకొనెడి పంతులునకు ఈ ప్రసక్తి యేల యని మీరడుగవచ్చును. అడుగవలసినదే. ముప్పదియైదేండ్లు నేను ఉన్నత పాఠశాలలలో తెలుగు చెప్పితిని. ఆ కాలమందంతయు ప్రతి సంవత్సరమును పిల్లలచేత రుగాగమ సంధిని వల్లె వేయించితిని. పేద మొదలగు కొన్ని శబ్దములకు ఆలు శబ్దము పరమైనప్పుడు నడుమ రేఫము వచ్చును: పేదరాలు, బీదరాలు, బాలెంతరాలు, మనుమరాలు. ఆ పేదాది గణములో కడపట నుండు శబ్దము గొడ్డు. గొడ్డురాలు. నలుబదిమంది పిల్లలు గొంతెత్తి ఒక్కమారుగా ఆ మాట పలుకుచుండగా నేను బెత్తముతో బల్లపై తాళము వేయుచుంటిని. ఆ తరగతులలో కూర్చున్న ఆడుపిల్లలలో ఎందరికి తరువాతి కాలమున ఆ మాట తగిలినదో నేను లెక్క చూడలేదు.

తగిలినవారిలో నొకరు మా యింటివారే. మా అక్కగారు 1968లో కాపురమునకు వెళ్ళిరి. ఎనిమిదేండ్లు గడచినను సంతానము కలుగలేదు. 1976లో మా ఊరిలో ఒకరింట సీమంతము జరుగుచుండగా, హారతి పళ్ళెమును మా అక్క చేతినుండి ఒక వృద్ధురాలు మెల్లగా తీసి వేరొకరి చేతికిచ్చినది. తీసికొనునప్పుడు ఆ మాటయే అన్నది. నేనప్పుడు భాషాప్రవీణ చదువుచు సెలవులకు ఇంటికి వచ్చియుంటిని. రుగాగమము నాకప్పటికి పాఠమైనది. మా అక్కను ముగ్గురు వైద్యులకు చూపిరి, నలుగురు దేవతలకు మ్రొక్కించిరి. మా బావగారిని ఏ వైద్యుడును పరీక్షింపలేదు. పిల్లలు కలుగని జంటలలో దాదాపు సగము మందియందు పురుషుని వైపునను ఏదో యొక కారణముండునని నేటి వైద్యము చెప్పుచున్నది. ఆనాడు మా ఊరిలో ఆ మాట చెప్పినవారు లేరు. మా అక్కగారు 2009లో కాలము చేసిరి. ఆమె నెవ్వరును, నీ మనస్సెట్లున్నదమ్మా యని అడిగిన జ్ఞాపకము నాకు లేదు. నేనును అడుగలేదు.

ఇక చరిత్రకు వత్తము.

రోగి దేహమును కొలుచుటకు సాధనములు పూర్వమునుండి కలవు. జ్వరము నెంతయని కొలుతురు, నాడి యెన్ని కొట్టుకొనుచున్నదో లెక్కింతురు. రోగి బ్రతుకును కొలుచుట మాత్రము క్రొత్త. 1946వ సంవత్సరము జూలై నెలలో న్యూయార్కు నగరమున పలుదేశముల ప్రతినిధులు ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళిపై సంతకములు చేసిరి. 1948 ఏప్రిల్ 7వ తేదీనుండి అది యమలులోనికి వచ్చినది. ఆరోగ్యమనగా కేవలము రోగము లేకుండుట కాదనియు, దేహము, మనస్సు, సంఘజీవనము మూడును బాగుగా నుండుటయనియు అందు నిర్వచించిరి. ఇంచుమించు ఆ రోజులలోనే న్యూయార్కులో డేవిడ్ కార్నోఫ్‌స్కీ యను వైద్యుడు క్యాన్సరు రోగులు తమ పనులు తాము ఎంతవరకు చేసికొనగలుగుచున్నారో నూటికి ఇన్ని యని మార్కులు వేయు పద్ధతిని ప్రవేశపెట్టెను. అది గొప్ప మెట్టే. కాని ఆ మార్కులు వేయువాడు వైద్యుడు. రోగి నోరు విప్పవలసిన పని లేదు.

రోగినే యడుగవలెననిన, అడిగి వచ్చిన జవాబును అంకెగా మార్చవలెను. దానికి దారి అంతకు ముందే ఏర్పడియున్నది. 1932లో అమెరికాలో రెన్సిస్ లికర్ట్ అను పండితుడు, ఒక మాటను చెప్పి, దానితో నీవెంతవరకు ఏకీభవింతువు అని యడిగి, అయిదు మెట్లలో నొకదానిని ఎన్నుకొనుమను పద్ధతిని ప్రకటించెను. నేడు ప్రపంచములో నడచు ప్రశ్నావళులలో అత్యధిక భాగము ఆ అయిదు మెట్ల బిడ్డలే.

1991లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు క్రొత్త పని నారంభించిరి. ఒక దేశములో కాగితము వ్రాసి తక్కిన దేశములకు పంపుటకు మారుగా, పదునైదు పట్టణములలో ఒక్కమారే పని మొదలు పెట్టించి, ఆయా ప్రజలతో మాటలాడి, ప్రశ్నలు కూర్చిరి. ఆ పదునైదింటిలో మన దేశపువి రెండు: ఢిల్లీయు, మద్రాసును. నూరు ప్రశ్నల పెద్ద కాగితమును, దాని నుండి ఇరువదియారు ప్రశ్నల చిన్న కాగితమును వెలువడినవి. మనుష్యుడు తన బ్రతుకు మంచిదో చెడ్డదో తలచుట, తాను పుట్టి పెరిగిన సంస్కృతిని, తాను విలువ నిచ్చు విషయములను బట్టియే యుండునని ఆ పని చేసినవారు స్పష్టముగా నంగీకరించిరి.

సంతానహీనత విషయమునకు వత్తము. 1978 జూలై 25న ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్ పట్టణమున, గర్భము వెలుపల సంయోగము చేయబడిన పిండమునుండి లూయీ బ్రౌన్ అను బిడ్డ పుట్టెను. అదే సంవత్సరము అక్టోబరు 3న కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ కృషిచే దుర్గ యని పిలువబడిన బిడ్డ పుట్టెను. ఆ మహానుభావుని మాట ఆనాడు తోడివారు నమ్మలేదు. ఆయన 1981లో ప్రాణము తీసికొనెను. ఆ కథ వేరొకనాడు చెప్పదగినది. అది మొదలుకొని వైద్యము పెరిగినది, ఖర్చు పెరిగినది, సూదులు పెరిగినవి, ఆశ పెట్టుకొనుటయు ఆశ తెగుటయు నెలనెలకు జరుగు పనులైనవి. బిడ్డ కలిగినదా లేదా యను నొక్క లెక్కయే ఆసుపత్రులయందు నిలిచినది. కలుగని వారేమైరి? మధ్యలో వైద్యము మాని వెళ్ళినవారేల వెళ్ళిరి? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పు అంకె లేకపోయినది.

ఆ కొరతను తీర్చుటకు కెనడాలో 1999లో నలుబదియారు ప్రశ్నలతో నొక కాగితము వెలువడినది. తరువాత ఐరోపాలోని ప్రజనన వైద్య సంఘమును, అమెరికాలోని ప్రజనన వైద్య సంఘమును కలిసి, మెర్క్ సెరోనో అను మందుల కంపెనీ సహాయముతో, వేల్స్ దేశమున కార్డిఫ్‌లో నున్న జాకీ బోయివిన్, కెనడాకు చెందిన జానెట్ టేక్‌ఫ్‌మన్, అమెరికాకు చెందిన ఆండ్రియా బ్రేవర్‌మన్ అను ముగ్గురు విదుషీమణుల చేతికి ఈ పని నప్పగించినవి. వారు పలుదేశముల రోగులను గుంపులుగా కూర్చుండబెట్టి మాటలాడించి, మొదట నూటికి మించిన ప్రశ్నలను సమకూర్చి, వానిని జల్లించి జల్లించి ముప్పదియారుకు దించిరి. 2011లో ఆ కాగితము ఫెర్టిక్వాల్ అను పేర ప్రకటింపబడెను. ఆ ముప్పదియారింటిలో ఇరువదినాలుగు ముఖ్యమైనవి. అవి నాలుగు గుంపులు: మనోభావములు, మనోదేహములు, దాంపత్యము, సంఘము. పది ప్రశ్నలు వైద్యము చేయించుకొనుచున్నవారి కొరకు. మిగిలిన రెండును మొత్తము మీద ఎట్లున్నదను ప్రశ్నలు. ఒక్కొక్కదానికి అయిదు మెట్ల జవాబు. లెక్క కట్టగా సున్న మొదలు నూరు వరకు వచ్చును. నూరు వైపునకు పోయినకొలది బ్రతుకు బాగున్నట్లు. ఈ కాగితము స్త్రీకిని పురుషునికిని ఒక్కటే. ఇది నాకు మిక్కిలి నచ్చిన సంగతి.

అది యిరువదికి మించిన భాషలలోనికి మారినది. ప్రపంచములో ప్రతి ఆరుగురిలో నొకరు తమ జీవితకాలమున ఎప్పుడో యొకప్పుడు సంతానహీనతకు లోనగుదురని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు లెక్క చెప్పిరి. అంతమందికి ఆంగ్లము రాదు గదా.

భాష మార్చుట యనిన మనకు క్రొత్త గాదు. నన్నయ తిక్కన ఎర్రనలు భారతమును తెనిగించినప్పుడు ఉన్నది తగ్గించిరి, లేనిది కూర్చిరి, తెలుగువాని రుచికి తగినట్లు వండిరి. దానికే మనము వారికి మ్రొక్కుచున్నాము. ప్రశ్నావళిని మార్చువానికి ఆ స్వేచ్ఛ లేదు. తెలుగు స్త్రీ యొక్క యరువదియు, హాలండు స్త్రీ యొక్క యరువదియు ఒక్క యరువదియే కావలెను. అట్లని మక్కికి మక్కి దింపినను చెడును. దీనికి చక్కని దృష్టాంతము ఆంగ్ల భాషలోనే కలదు. అమెరికాలో తయారైన ముప్పదియారు ప్రశ్నల సామాన్య ఆరోగ్య ప్రశ్నావళి యొకటి 1992 ప్రాంతమున ఇంగ్లండులోని షెఫీల్డుకు చేరినది. అందు, మీరు కొన్ని బ్లాకులు నడువగలరా యని కలదు. అమెరికా పట్టణములలో వీధికి వీధికి నడిమి దూరమునకు బ్లాకు అని పేరు. ఇంగ్లండువానికి అది కొలత కాదు. కనుక అరమైలు అని మార్చిరి. విచారముగా నుండుటకు అమెరికావారు వాడిన నీలిరంగు మాటను కూడ తీసివేసిరి. ఇతర దేశములకు పోయినప్పుడు గోల్ఫు ఆట గూర్చిన మాటకు బదులు ఆ దేశస్థులు చేయు పనులను చేర్చవలసి వచ్చినది. ఆంగ్లమునుండి ఆంగ్లమునకే ఇంత యవస్థ!

ఇట్టి పొరపాటులను పట్టుటకు 1970లో రిచర్డ్ బ్రిస్లిన్ అను అమెరికా పండితుడు ఒక యుపాయమును విపులముగా వివరించెను. ఒకడు ఆంగ్లమునుండి తెలుగు చేయును. మొదటి కాగితము నెన్నడును చూడని వేరొకడు ఆ తెలుగును తిరిగి ఆంగ్లము చేయును. రెండు ఆంగ్లములను ప్రక్కప్రక్కన పెట్టి చూతురు. తేడా యున్నచోట తెలుగు తప్పినదన్నమాట. తిరిగి దిద్దుదురు. కోమటి దుకాణములో తూచిన సరకును ఇంటికి తెచ్చి మరల తూచుకొనుట వంటిది. వినుటకు లోటు లేని యుపాయమే. కాని ఇందొక గోతి యున్నది. ఆ గోతిలో నేను స్వయముగా పడితిని.

నావద్ద చదువుకొన్న యొక అమ్మాయి నర్సింగులో పై చదువు చదువుచున్నది. ఇట్టి ప్రశ్నల కాగితమొకటి తెలుగులో నెట్లుండవలెనో తన చదువు కొరకు సాధన చేయుచు, రెండేండ్ల క్రిందట నాయొద్దకు వచ్చి, "మాస్టారూ, మీరైతే మంచి తెలుగు రాస్తారు" అన్నది. నేను సంతోషముతో నొప్పుకొంటిని. ఒక ప్రశ్నలో, ఒంటిలోని బలమంతయు తోడివేసినట్లున్నదా యను నర్థము గల ఆంగ్ల పదము కలదు. నేను శక్తిక్షయము అని వ్రాసితిని. పట్టణములో నున్న నా మిత్రుడు, ఆయనయు పండితుడే, దానిని తిరిగి ఆంగ్లము చేయగా మొదటి పదమే అక్షరాల వచ్చినది. మేమిద్దరమును పొంగిపోతిమి.

పిమ్మట ఆ అమ్మాయి ఆ కాగితమును పిల్లలు లేని నలుగురు స్త్రీలకు చదివి వినిపించి, ఈ ప్రశ్న మీకేమని యర్థమైనది, మీ మాటలలో చెప్పుడని యడిగినది. ఈ పద్ధతి కూడ శాస్త్రములోనిదే. 2005 నాటికి ఈ విద్యలో పేరుగలవారు ఏర్పరచిన నియమములలో దీనిని తప్పనిసరి మెట్టుగా చేర్చిరి. నేనును చాటున కూర్చుండి వింటిని. శక్తిక్షయము అనగానే ఒకామె త్రుళ్ళిపడి, "నాకు క్షయ లేదండీ, గళ్ళ పరీక్ష కూడా చేశారు, ఏమీ లేదన్నారు" అన్నది. రెండవ ఆమె కాగితమును ప్రక్కకు జరిపినది. ఇద్దరు పండితులు తమలో తాము సరిపోయినదని నిశ్చయించుకొన్న మాట రోగి చెవిలో వేరొక రోగమైనది. సంస్కృతపదమును ఒక పండితుడు వ్రాసిన రెండవ పండితునకు తెలియకుండునా? తిరుగు తర్జుమా మా యిద్దరి చదువును పరీక్షించినదే కాని ఆ తెలుగును పరీక్షింపలేదు. ఆ స్థానమున ఇప్పుడు, ఒంట్లో సత్తువంతా పోయినట్టు ఉంటోందా, అని యున్నది. వ్యావహారికమును ఎన్నడును చేతితో ముట్టని నేనే దానిని వ్రాసితిని.

అటువంటివి మరి కొన్ని కలవు. జీవన నాణ్యత యను మాటను వినిన యొక గృహస్థు, "నాణ్యమంటే ఇటికలకీ బియ్యానికీ కదా పంతులుగారూ, మనిషికి కూడానా?" అని యడిగెను. సామాజికమైన ఒత్తిడి యని వ్రాసినదానికి ఒక పెద్దావిడ తాను రక్తపుపోటు మాత్రలు వేసికొనుచున్నానని బదులు చెప్పినది. పిల్లలు లేకపోవుటను గూర్చిన మాటలే మరింత చిక్కు. వంధ్యత్వమని వ్రాసిన పలువురకు తెలియదు, తెలిసినవారికి ఆడుదానిని తిట్టినట్లుండును. కడుపు పండలేదన్నమాట తీయనిదే కాని మగవానికి పొసగదు. అయిదారు మాటలు చూచి చూచి, పిల్లలు కలగకపోవడం వల్ల, అను దాని యొద్ద ఆగితిమి. దానిలో కవిత్వము లేదు. భార్యయు చదువుకొనవచ్చును, భర్తయు చదువుకొనవచ్చును.

జవాబుల మెట్లను గూర్చి నాకును ఆ అమ్మాయికిని చిన్న వాదము జరిగినది. ఆంగ్లములో ఎల్లప్పుడు, మిక్కిలి తరచుగా, తరచుగా, అరుదుగా, ఎన్నడును లేదు అనునవి అయిదు మెట్లు. నడిమి రెండింటికిని భేదము మన పల్లెటూరివారి చెవికి తెలియుటలేదు. నేనొక యుక్తి చెప్పితిని: మనకు గిద్ద, అరసోల, సోల, తవ్వ, మానిక యని అయిదు కొలతలున్నవి గదా, నీ బాధ గిద్దెడా, మానెడా యని యడుగుము, ముసలమ్మకైనను తెలియును. ఆ అమ్మాయి నవ్వి, "మాస్టారూ, గిద్దకి రెట్టింపు అరసోల, దానికి రెట్టింపు సోల. మీ కొలతలు రెట్టింపులవుతూ పోతాయి. మాకు కావలసినవి ఒకే ఎత్తు మెట్లు. సున్నా, ఒకటి, రెండు, మూడు, నాలుగు" అన్నది. లెక్కల మాష్టారి పాఠము నాకంటె బాగుగా జ్ఞాపకముంచుకొన్నది. నేను మారు మాటాడలేదు.

మాటలు కుదిరిన తరువాత అంకెల పరీక్ష వచ్చును. దీనిని క్లుప్తముగా చెప్పెదను. పంచాయతీలో తీర్పు చెప్పు పెద్దలకు ఇది తేలికగా తెలియును. ఒక విషయమును గూర్చి ఆరుగురు సాక్షులుండిన, వారి మాటలు ఒకదానితో నొకటి పొందవలెను. ఒక గుంపులోని ఆరు ప్రశ్నలును అట్లే పొందవలెను. ఆ పొందికను కొలుచు సూత్రమును 1951లో లీ క్రోన్‌బాక్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. ఆల్ఫా యని దానికి పేరు. అది ఒకటికి దగ్గరగా నున్నకొలది పొందిక యెక్కువ, 0.70 కంటె తగ్గరాదని వాడుక. అయితే ఆరుగురు సాక్షులకును ఒక్కడే పాఠము చెప్పి పంపినను పొందిక కుదురును గదా! ఒక ప్రశ్ననే ఆరు విధముల మార్చి అడిగినను ఆల్ఫా పెరుగును. కనుక అదొక్కటియే చాలదు.

తక్కెడ ప్రతిమారు రెండు తులములు తక్కువ చూపిన, అది మాట నిలుపుకొన్న తక్కెడయే, కాని సత్యమైన తక్కెడ కాదు. సత్యమును చూచుటకు తెలిసిన తూనికరాళ్ళు కావలెను. 1983లో ఇంగ్లండులో జిగ్మండ్, స్నెయిత్ అను వైద్యులు ఆసుపత్రిలోని రోగుల యాందోళనను, దిగులును కొలుచుటకు పదునాలుగు ప్రశ్నల కాగితమొకటి చేసియుండిరి. 2011లో హాలండువారు ఫెర్టిక్వాల్‌ను తమ భాషలో పరీక్షించునప్పుడు దానిని తూనికరాయిగా వాడిరి. ఆందోళనయు దిగులును ఎక్కువగా నున్న స్త్రీలకు బ్రతుకు మార్కులు తక్కువగా వచ్చినవి. కాగితము సరియైన వైపునకే మొగ్గుచున్నదని తెలిసినది. 2017లో ఇరానువారు తమ దేశపు స్త్రీలయందు పరీక్షించి ఫలితములు ప్రకటించిరి. ఇవిగాక, స్థితి మారని మనుష్యుని కొన్ని దినముల కెడముగా రెండుమార్లు అడిగిన అదే జవాబు వచ్చునా యని చూతురు. ఆంగ్లములో నాలుగు గుంపులుగా విడిన ప్రశ్నలు క్రొత్త భాషలోను ఆ నాలుగు గుంపులుగానే విడుచున్నవా యని చూతురు. దీని గణితమునకు 1904లో చార్లెస్ స్పియర్‌మన్ పునాది వేసెను. అత్తమామలతో, తోడికోడండ్రతో నొక్క కప్పు క్రింద బ్రతుకు మన స్త్రీకి దాంపత్యమును గూర్చిన ప్రశ్నలును సంఘమును గూర్చిన ప్రశ్నలును వేరు వేరుగా తోచునా, కలిసిపోవునా? ఇది నా యూహచేత తేలునది కాదు. అందుకు వందల మంది జవాబులు కావలెను. ఆ అమ్మాయి వద్ద నున్నవి పట్టుమని ఇరువది లేవు. మాట అర్థమగుచున్నదా లేదా యని చూచుటకు మాత్రమే అవి చాలును.

అడుగు చోటు కూడ జవాబును మార్చునని నేను కన్నులార చూచితిని. ఒకామె అత్తగారు గుమ్మములో నిలిచియుండగా అన్నింటికిని, బాగుంది, బాగుంది, అని గీటు పెట్టించినది. నీళ్ళ పంపు యొద్దకు వెళ్ళిన తరువాత ఆ అమ్మాయి చేయి పట్టుకొని, ఆ కాగితము తిరిగి యిమ్మన్నది. ఇతరులకు పిల్లలు పుట్టినప్పుడు మీకు అసూయ కలుగునా యను తరహా ప్రశ్నకు మొదట ఎవ్వరును ఔనని చెప్పలేదు. అసూయ మనకు అరిషడ్వర్గములోని మాత్సర్యమునకు చుట్టము, దానిని ఒప్పుకొనుట పాపమును ఒప్పుకొనుట వంటిది. కుంతికి కుమారుడు పుట్టెనని వినగానే గాంధారి తన గర్భమును తానే మోదుకొన్న కథ నెరిగిన స్త్రీలు, ఆ పంక్తిలో తమను చేర్చుకొందురా? "వాళ్ళ పిల్లల్ని చూసినప్పుడు కడుపులో ఎక్కడో కలుక్కుమంటుందా?" అని మార్చి యడిగినప్పుడు తలలూపిరి. అది ఆంగ్లములో నున్నదానికి సమానమేనా, కొంత తగ్గినదా యని నాకింకను సందేహమే. ఆ అమ్మాయి గురువులకును సందేహమేయట.

పురుషులు దొరకుట మరింత కష్టమైనది. ఏడుగురిని పిలువగా ఇద్దరు వచ్చిరి. ఆ యిద్దరిలో నొకడు భార్య కాగితము కూడ తానే నింపెదనన్నాడు.

మొన్న కార్తికమాసములో మా బావగారు మా యింట నాలుగు దినములుండిరి. వారికెనుబది దాటినది. వారి తల్లిగారు రెండవ పెండ్లి చేసికొమ్మని పదేండ్లు పోరినను వారు వినలేదు. నేను కాగితమును దిద్దుకొనుచు ప్రశ్నలను పైకి చదువుకొనుచుంటిని. వారు పడకకుర్చీలో కన్నులు మూసికొనియుండిరి, నిదురించుచున్నారనుకొంటిని. పండుగలకు, పేరంటములకు వెళ్ళుటకు ఇబ్బందిగా నుండునా యను తరహా ప్రశ్న చదివి ముందుకు పోగా, "అది మళ్ళీ చదువు" అనిరి. చదివితిని. కొంతసేపటికి, "నేను ఏ బారసాలకీ వెళ్ళలేదురా. పొలంలో పనుందని చెప్పేవాడిని" అనిరి. నాకీ సంగతి తెలియదు. మా అక్క యొక్కతెయే వెళ్ళి వచ్చుచుండెడిది. మరి అక్కయ్య ఏమనెడిదని యడిగితిని. "ఏమో. నేనడగలేదు, తను చెప్పలేదు" అనిరి.

ఆ కాగితము వైద్యము చేయించుకొనుచున్నవారికై యేర్పడినది గనుక వారి మాటను అందు చేర్చుటకు వీలులేదు. సంక్రాంతి తరువాత ఆ అమ్మాయి మూడవమారు దిద్దిన ప్రతిని తెచ్చెదనన్నది. పండుగలను గూర్చిన ప్రశ్నలో పేరంటమను మాట ఉన్నదని, అది మగవారిని అడుగునది కాదని, దానిని మార్చవలెనని ఆమెకు జాబు వ్రాసితిని.